ఇంటి వ్యానులో వీల్‌చైర్ ఎక్కేలా మార్పించడం ఎలా: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం

ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపు ముందు బండి ఆపి "వీల్‌చైర్ ఎక్కాలండీ, ర్యాంపు కావాలి" అన్నా, సాయంత్రానికల్లా ర్యాంపు తయారు చేసి చేతిలో పెడతారు. లారీ బాడీలు కట్టే చేతులు అవి, రేకు వంచడం వాళ్లకు లెక్కలోది కాదు. చిక్కంతా ఆ తర్వాతే. కుర్చీ లోపలికి వెళ్లింది సరే, బెంజ్ సర్కిల్ దగ్గర ముందున్న ఆటో టక్కున ఆగితే ఆ కుర్చీ, అందులోని మనిషి ఏమవుతారు? దాని గురించి షాపువాళ్లు అడగరు, మనకూ గుర్తుకు రాదు. ఎక్కించడం సగం పనే. కుర్చీని, మనిషిని విడివిడిగా బిగించడం మిగతా సగం, అసలైన సగం. ఈ వరుసలో చేసుకుంటూ వెళ్తే డబ్బూ వృథా కాదు, ఆర్టీఓ ఆఫీసులో టెన్షనూ ఉండదు.

ముందు ఆ మనిషినే అడగండి

బండి చూసే ముందు, వీల్‌చైర్‌లో కూర్చునే నాన్నగారినో అత్తగారినో తమ్ముణ్నో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కుర్చీ దిగి కారు సీటులోకి మారగలరా? చేతుల్లో బలం ఉండి, పక్కన ఒకరు పట్టుకుంటే మారగలిగినవాళ్లయితే బండిని కోయాల్సిన పనే లేదు. మామూలు సీటు, మామూలు సీటు బెల్టు కంపెనీవాళ్లు పరీక్షించి ఇచ్చినవి. వీల్‌చైర్‌లో కూర్చుని ప్రయాణించడం కన్నా అవే ఎప్పుడూ భద్రం. కుర్చీకీ సీటుకీ మధ్య వంతెనలా వేసే నున్నటి చెక్క పలక, అదే ట్రాన్స్‌ఫర్ బోర్డు, ఒకటి చాలామందికి సరిపోతుంది. బయటికి తిరిగే సీట్లు కూడా వచ్చాయి. మారుతి 2025 డిసెంబరులో వాగన్ఆర్‌కు అలాంటి సీటును తానే ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు నుంచీ విడిగా బిగించేవాళ్లు ఉన్నారు.

మెడ దాకా చచ్చుబడినవాళ్లు, బరువైన ఎలక్ట్రిక్ కుర్చీ వాడేవాళ్లు, మార్చిన ప్రతిసారీ నొప్పితో విలవిల్లాడేవాళ్లు, ఎత్తి కూర్చోబెట్టే కొడుకు నడుం పడిపోయిన ఇళ్లవాళ్లు మాత్రమే కుర్చీతో సహా ఎక్కే దారి చూడాలి. మిగిలినదంతా వాళ్ల కోసం.

నాలుగు కొలతలు, ఒక బరువు

మనిషిని కుర్చీలో కూర్చోబెట్టే కొలతలు తీయండి. ఖాళీ కుర్చీ కొలతలతో ఉపయోగం లేదు.

నేల నుంచి నడినెత్తి దాకా ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఐదున్నర అడుగుల మనిషి దిండు వేసుకుని వీల్‌చైర్‌లో కూర్చుంటే 130 నుంచి 135 సెంటీమీటర్లు వస్తుంది. దీనికి పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. లేకపోతే ప్రతి స్పీడ్ బ్రేకరుకూ తల కప్పుకు కొట్టుకుంటుంది.

చక్రాలు తిప్పే రింగులతో కలిపి వెడల్పు. మడిచే కుర్చీలు ఎక్కువగా 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి.

కాలి వేళ్ల కొస నుంచి వెనక చక్రం చివర దాకా పొడవు. మీటరు పైనే వస్తుంది. కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లకు ఇంకా ఎక్కువ.

మోకాళ్ల ఎత్తు. ముందు సీటు వెనక భాగానికి తగులుతాయా లేదా చూడటానికి.

ఇక బరువు. కుర్చీని, మనిషిని కలిపి తూచాలి. ఆసుపత్రుల్లో అలాంటి కాటా దొరకడం కష్టం కానీ, పాత ఇనుము కొనే కొట్లలో, మిర్చి కాటా వేసేచోట నేల మీద పెట్టే పెద్ద కాటాలు ఉంటాయి. గుంటూరులో వాటికి కరువే లేదు. కాస్త మొహమాటం వదిలి అడిగితే ఎవరూ కాదనరు. మామూలు ఇనుప కుర్చీ 16 నుంచి 20 కిలోలు. ఎలక్ట్రిక్ కుర్చీ బ్యాటరీలతో 50 కిలోల నుంచి వంద దాటిపోవచ్చు. ర్యాంపు మందం, వించి (కుర్చీని పైకి లాగే చిన్న మోటారు), బోల్టులు అన్నీ ఈ అంకెను బట్టే నిర్ణయించాలి.

ఉన్న బండి పనికొస్తుందా?

మన దగ్గర ఫ్యామిలీ వ్యాను అంటే చాలా ఇళ్లలో మారుతి ఈకో. దాని మొత్తం ఎత్తు 1825 మిల్లీమీటర్లు. ఇందులోంచి కింద నేలకీ ఫ్లోరుకీ మధ్య ఎత్తు, పైన కప్పు మందం తీసేస్తే లోపల నాలుగడుగులకు అటూ ఇటూ మిగులుతుంది. డిక్కీ తలుపు తెరిచిన సందు ఇంకా తక్కువ. పైన తీసిన 130 సెంటీమీటర్ల కొలత పక్కన దీన్ని పెట్టి చూడండి. పిల్లలకు, పొట్టిగా ఉండే ఆడవాళ్లకు సరిపోతుందేమో కానీ, మామూలు ఎత్తున్న మగవాళ్లు మెడ వంచుకుని కూర్చోవాలి. ఇంటి నుంచి మంగళగిరి ఎయిమ్స్ దాకా మెడ వంచుకుని వెళ్లమనడం న్యాయం కాదు.

"ఫ్లోరు కిందికి దింపేద్దామండీ" అనే మేస్త్రి తప్పకుండా తగులుతాడు. ఈకోలో ఇంజను తిప్పేది వెనక చక్రాలను. అంటే ఇంజను బలాన్ని వెనక్కి చేర్చే పొడుగాటి కడ్డీ (ప్రొపెల్లర్ షాఫ్ట్) ఫ్లోరు కింద, దాన్ని చక్రాలకు అందించే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) వెనక ఉంటాయి. వాటిని దాటి ఫ్లోరు దిగదు. ఇంజను ముందు చక్రాలను తిప్పే బండ్లకు ఆ అడ్డు లేదు, అందుకే ఫ్లోరు దింపే పని వాటిలోనే చేస్తారు. అప్పుడు కూడా సైలెన్సరు, ట్యాంకు, స్పేర్ టైరు పక్కకు జరపాలి, కిందికి దిగిన ఫ్లోరు మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లకు రాసుకోకుండా చూడాలి. ఆ అనుభవం ఉన్నవాళ్లు తప్ప ముట్టుకోకూడని పని అది. కప్పు కోసి ఫైబరు గుమ్మటం పెట్టిస్తామన్నా వద్దనండి. బండి పల్టీ కొడితే నిలబెట్టేది ఆ కప్పే.

కొత్తగా కొనే ఆలోచన ఉంటే టాటా వింగర్‌ను ఒకసారి చూడండి. ముందు చక్రాలతో నడిచే వ్యాను కాబట్టి ఫ్లోరు కింద షాఫ్ట్ గోల లేదు, ఎత్తు కప్పు రకం ఉంది. ఫోర్స్ ట్రావెలర్‌లో లోపల ఎత్తు బాగుంటుంది కానీ ఫ్లోరు నేలకు ఎత్తులో ఉంటుంది, దానికి ర్యాంపు కన్నా లిఫ్టే నయం. రెండూ ఇంటి సందుకు పెద్ద బండ్లే. వన్ టౌన్‌లోనో గాంధీనగర్ లోపలి వీధుల్లోనో ఉండేవాళ్లు కొనకముందే టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటి దాకా తెప్పించుకుని, మలుపు తిరుగుతుందో లేదో చూసుకోవాలి.

సెకండ్ హ్యాండు కొంటే ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు వేల బండ్లు నీళ్లలో నానాయి. అవి కడిగి, రంగేసి మార్కెట్లోకి వచ్చాయి. మామూలుగా కొనేవాళ్లు ఇంజను, వైరింగు చూస్తారు. మీరు ఫ్లోరు చూడాలి, ఎందుకంటే మీ బెల్టులన్నీ ఆ రేకును పట్టుకునే నిలబడాలి. మ్యాటు మొత్తం పీకించండి, సీటు బోల్టుల చుట్టూ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. రేకు పొరలుగా లేచినా, మెత్తగా దిగినా ఆ బండి మీకు వద్దు, ఎంత చవగ్గా ఇచ్చినా.

సీఎన్‌జీ బండి అయితే సిలిండరు ఎక్కడుందో చూడండి. ఈకోలో వెనక సీటు వెనకాలే కూర్చుంటుంది, అంటే సరిగ్గా మీ కుర్చీ ఎక్కాల్సిన చోట. వెనక నుంచి ఎక్కించాలంటే పెట్రోలు బండే దారి.

వెనక నుంచా, పక్క నుంచా?

నా ఓటు వెనక తలుపుకే, పెద్ద వ్యాను అయితే తప్ప. పక్క తలుపు నుంచి ఎక్కిన కుర్చీని లోపల ముందు వైపుకు తిప్పాలి. వీల్‌చైర్ ఒక చుట్టు తిరగాలంటే మీటరున్నర చోటు కావాలి. ఈకో బయటి వెడల్పే మీటరున్నర లేదు. తిప్పలేక చివరికి కుర్చీని అడ్డంగానే ఉంచి పోనిస్తారు. అది అన్నిటికన్నా ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు పక్కకు కూర్చున్న మనిషిని ఏ బెల్టూ సరిగ్గా ఆపలేదు. వెనక నుంచైతే ముఖం ముందుకు పెట్టి తోస్తారు, అలాగే కూర్చుని వెళ్తారు, వెనక్కి లాగి దింపుతారు. తిప్పే పనే లేదు.

దీని ఇబ్బంది ఒక్కటే: వెనకాల బైకు తెచ్చి ఆనించే పెద్దమనుషులు. వెనక అద్దం మీద వీల్‌చైర్ బొమ్మతో "ర్యాంపు దిగుతుంది, చోటు వదలండి" అని పెద్ద అక్షరాలతో రాయించండి. సగం మంది చదువుతారు.

ర్యాంపు లెక్క

బండి ఫ్లోరు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. ప్రభుత్వ భవనాలకు చెప్పే వాలు 12కు 1, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. ఆ లెక్కన 7 మీటర్లు దాటిన ర్యాంపు కావాలి, బండి కన్నా పొడవు. అది కుదరదు. వెనక మనిషి తోస్తూ ఉంటే 6కు 1 దాకా ఫర్వాలేదు, దానికి మూడున్నర మీటర్లు. 4కు 1 చేస్తే రెండున్నర మీటర్లు చాలు కానీ, తోసేవాళ్ల సంగతి చూడండి. మనిషి, కుర్చీ కలిపి 88 కిలోలైతే 6కు 1 వాలు మీద సుమారు 15 కిలోల బరువును తోస్తున్నట్టు ఉంటుంది. 4కు 1 మీద 21 కిలోలు దాటుతుంది. ఇంట్లో తోసేది అమ్మ అయితే ఆ ఆరు కిలోల తేడా చాలా పెద్దది.

దీనికి మన ఇళ్లలోనే ఒక తేలిక మార్గం ఉంది. ఇంటి ముందు అరుగునో, పోర్టికో గట్టునో వాడుకోండి. అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే బండిని రివర్సులో దాని దాకా తీసుకొస్తే మిగిలిన తేడా 15 సెంటీమీటర్లే. 90 సెంటీమీటర్ల పలక వేస్తే 6కు 1 వాలు వచ్చేసింది. అరుగు మీదికి ఎక్కడానికి ఇంటి పక్క నుంచి పొడుగాటి సిమెంటు వాలు ఎలాగూ కట్టిస్తారు. రోజూ వెళ్లే ఫిజియోథెరపీ సెంటరు దగ్గర కూడా అలాంటి గట్టు ఏదైనా ఉందేమో చూసి పెట్టుకోండి. అప్పుడు పెద్ద ర్యాంపు ఎప్పుడో ఒకసారి మాత్రమే దించాల్సి వస్తుంది.

ర్యాంపు అల్యూమినియం చెకర్డ్ ప్లేటుతో (పైన గీతలు లేచిన రేకు), కింద ఫ్రేముతో చేయించండి. ఇనుముతో చేస్తే చవకే కానీ ఎత్తి దించేవాళ్ల చేతులు పడిపోతాయి. వెడల్పు కుర్చీ కన్నా 10 సెంటీమీటర్లయినా ఎక్కువ ఉండాలి, రెండు పక్కలా 5 సెంటీమీటర్ల అంచు లేపాలి, చక్రం జారి పడకుండా. రెండు చక్రాలకు రెండు విడి పట్టాలు వేసే రకం వద్దు. మధ్యలో నడిచే మనిషి బండి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ కాలు పెట్టాలో తెలియదు. పై అంచు బండి ఫ్లోరు మీద ఊరికే ఆనితే సరిపోదు, కొక్కేనికి తగిలి పిన్నుతో నిలవాలి. చెకర్డ్ ప్లేటు వానలో జారుతుంది, అడుగు పడేచోట ఇసుక కలిపిన పెయింటు వేయించండి లేదా గరుకు టేపు అంటించండి.

మడిచి నిలబెట్టిన ర్యాంపుకు గట్టి గొళ్లెం ఉండాలి. గుద్దుకున్నప్పుడు ఊడి మనిషి వెనక నుంచి వచ్చి పడేది అదే.

తోసేవాళ్లకు ఒకే నియమం: ఎక్కించేటప్పుడైనా దించేటప్పుడైనా వాలు కింది వైపున మీరుండాలి. ఎక్కేటప్పుడు ముఖం బండి వైపు, దిగేటప్పుడు కూడా ముఖం బండి వైపే, మీరు వెనక నుంచి ఆపుకుంటూ మెల్లగా.

ఎలక్ట్రిక్ కుర్చీకి, లేదా ఇంట్లో తోసేంత బలం ఉన్నవాళ్లు లేనప్పుడు 12 వోల్టుల చిన్న వించి పెట్టించవచ్చు. ముందు ఫ్లోరులో బిగించి, బెల్టును కుర్చీ ఫ్రేముకు రెండు వైపులా తగిలించి లాగించాలి. వించి లాగుతుంటే కూడా వెనక మనిషి చేయి వేసి నడవాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. లిఫ్టు పెట్టించేవాళ్లు కరెంటు ఆగిపోతే చేత్తో దింపే పంపు ఉన్న రకమే తీసుకోవాలి. లేకపోతే ఏ ఆసుపత్రి ముందో మనిషి గాల్లో ఉండిపోతారు.

బిగించడం: ఇక్కడ రాజీ వద్దు

కుర్చీ బ్రేకు వేసి ఉంటే చాలనుకోవడం మామూలే. ఆ బ్రేకు చక్రం తిరగకుండా ఆపుతుంది, అంతే. కుర్చీ జారకుండా, ఎగరకుండా ఆపలేదు.

వాహనంలో వాడే వీల్‌చైర్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7176-19లో గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నట్టు 20 జి కుదుపు ఇస్తారు. 20 జి అంటే బరువు 20 రెట్లు అయినట్టు. 65 కిలోల మనిషి 1300 కిలోల లాగుడు, 20 కిలోల కుర్చీ 400 కిలోల లాగుడు. ఆ సెకనులో ఫ్లోరు మీద పడేది మొత్తం 1700 కిలోలు. ఈ అంకెను మేస్త్రికి కూడా చెప్పండి. "ఏం కాదండీ, నిలబడిద్ది" అన్న మనిషే వెంటనే మందం రేకు వెతుకుతాడు.

కుర్చీకి నాలుగు బెల్టులు: ముందు రెండు, వెనక రెండు, నాలుగూ ఫ్లోరుకు. వెనక బెల్టులు ఫ్లోరుతో 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, ముందువి 40 నుంచి 60 డిగ్రీల కోణంలో ఉండేలా ఫ్లోరులో పాయింట్లు పెట్టాలి. వీల్‌చైర్లను ఫ్లోరుకు కట్టడానికే తయారైన బెల్టుల సెట్లు, అంటే టై-డౌన్ సెట్లు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఐఎస్ఓ 10542 అని రాసి ఉన్నవి తీసుకోండి. లారీ లోడుకు కట్టే రాచెట్ బెల్టు ఆటోనగర్‌లో ఏ షాపులో అయినా దొరుకుతుంది, చవక కూడా. దాన్ని ఖాళీ కుర్చీ కట్టడానికి వాడండి, మనిషి కూర్చున్న కుర్చీకి కాదు.

బెల్టు కొక్కేలు కుర్చీలో ఎక్కడ తగిలించాలన్నది మరో మెలిక. వెల్డింగ్ చేసిన గట్టి ఫ్రేము మూలల్లోనే తగిలించాలి. చేతులు ఆనించే కడ్డీలు, కాళ్ల పలకలు, చక్రాలు ఊడి వస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో ఇచ్చే మడిచే కుర్చీలు, మందుల షాపుల్లో దొరికే కుర్చీలు ఇంట్లో, ఆసుపత్రిలో తిరగడానికి చేసినవి. వాటి గుడ్డ సీటు అంత కుదుపుకు చిరిగిపోవచ్చు. స్తోమత ఉంటే ప్రయాణానికి పరీక్షించిన కుర్చీ కొనండి. లేకపోతే కనీసం మూలల్లో ఎర్ర పెయింటు చుక్క పెట్టి, కొక్కెం అక్కడే తగలాలని ఇంట్లో అందరికీ చూపించండి. బండికి పెట్టే ఖర్చులో కొంత కుర్చీ మీద పెట్టడం తెలివైన పని.

ఫ్లోరులో పాయింట్లు పెట్టేటప్పుడు రేకుకు నేరుగా బోల్టు బిగిస్తే కుదుపుకు రేకును చించుకుని పైకి వస్తుంది. కింద అరచేయంత స్టీలు పలక వేసి, కుదిరితే చాసిస్ మెంబరు (బండి అడుగున ఉండే ఫ్రేము కడ్డీ) మీదుగా, 8.8 అని తల మీద రాసి ఉన్న హై టెన్సైల్ బోల్టులతో, కుదుపుకు వదులు కాని నైలాక్ నట్లతో బిగించాలి. రంధ్రం పెట్టిన ప్రతిచోటా తుప్పు పట్టకుండా ప్రైమరు. బోల్టు దించే ముందు బండి కింద దూరి అక్కడ బ్రేకు పైపు, పెట్రోలు పైపు లేవని మీరే కళ్లారా చూడండి.

మనిషికి వేరే సీటు బెల్టు ఉండాలి. కుర్చీతో పాటు వచ్చే నడుము పట్టీ కుర్చీలోంచి జారకుండా ఉండటానికే. మూడు పాయింట్ల బెల్టు బండికే బిగించి ఉండాలి. నడుము భాగం పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, చేతి కడ్డీల లోపలి నుంచి ఒంటికి ఆని వెళ్లాలి. కడ్డీ మీదుగా వేస్తే బెల్టుకీ ఒంటికీ మధ్య సందు వస్తుంది, ఆ సందులోంచే మనిషి కిందికి జారిపోతారు. భుజం బెల్టు మెడకు రాసుకోకుండా, పై పాయింటు భుజం కన్నా ఎత్తులో ఉండాలి. వీల్‌చైర్ వెనక భాగం పొట్టిగా ఉంటుంది కాబట్టి తల వెనక ఆనేలా ఒక హెడ్‌రెస్టు కావాలి, అది బండి ఫ్రేముకు బిగించినదైతే మంచిది. ముందు సీటుకూ తలకూ మధ్య రెండడుగులైనా ఖాళీ వదలండి.

చోటు విషయంలో ఒక మాట. కుర్చీని వీలైనంత ముందుకు, ముందు వెనక చక్రాల మధ్యకు తీసుకురండి. వెనక ఇరుసు దాటి కూర్చుంటే ప్రతి గుంత దెబ్బా రెట్టింపు తగులుతుంది. బరువంతా వెనక్కి పోయి స్టీరింగు కూడా తేలికైపోతుంది.

వెల్డింగ్ రోజు

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయించండి, లేకపోతే ఇంజను కంప్యూటరు కాలిపోయే ప్రమాదం ఉంది. సీఎన్‌జీ సిలిండరును లైసెన్సు ఉన్న గ్యాస్ కిట్ షాపులో దింపించాకే వెల్డింగ్‌కు తీసుకెళ్లండి. పెట్రోలు ట్యాంకు దగ్గర గ్యాస్ కటింగ్ వద్దే వద్దు, డ్రిల్లు, బోల్టులతో అయ్యే పని బోల్టులతోనే చేయించండి. చేసే పని మొత్తం, వాడే రేకు మందం, బోల్టు సైజు కాగితం మీద రాయించుకుని బిల్లు తీసుకోండి. ఆర్టీఓకు, ఇన్సూరెన్సుకు ఆ బిల్లు కావాలి.

కాగితాలు

బండి ఆకారం, సీట్లు మార్చడం చట్టంతో ముడిపడిన పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అయితే అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం దివ్యాంగుల కోసం దారి తెరిచింది. సొంత బండిని దివ్యాంగుల వాడకానికి మార్చుకుని, తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకోవచ్చు. చట్టం దాన్ని అడాప్టెడ్ వెహికల్ అంటుంది. పని పూర్తయిన 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో రాయించుకోండి. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షన్‌లో ఉంది. చట్టంలో తర్వాతి ఆమోదం అని ఉన్నా, నా సలహా మాత్రం కోయించకముందే బ్రేకు ఇన్‌స్పెక్టరును కలిసి, గీసిన బొమ్మ, కొలతలు చూపించి మాట్లాడి రావడం. ఆయన కాదనేదేదో ముందే తెలుస్తుంది.

బండి ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ముందే చూసుకోండి. 2020 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ దరఖాస్తులో యజమాని రకం కింద దివ్యాంగజన్ అని రాసుకునే వీలుంది. కొడుకు పేరు మీద బండి, నాన్నగారికి వైకల్యం అయితే రాయితీల దగ్గర చిక్కులొస్తాయి. దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) లేదా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. చట్టం నిర్వచనంలో ఆ బండి ఆ మనిషి వాడకానికే, ఆ మనిషి కోసమే అని ఉంది. ఒకే బండితో దుకాణం సరుకు కూడా తోలే ఆలోచన ఉంటే మానుకోవడం మంచిది.

2008 జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన వాహనానికి టోలు మినహాయింపు ఉంది. దానికి మినహాయింపు ఫాస్టాగ్ వేరే తీసుకోవాలి, మామూలు ఫాస్టాగ్‌తో వెళ్తే డబ్బు కట్ అవుతుంది. విజయవాడ, గుంటూరు మధ్య కాజ టోలు దాటి వారం వారం చికిత్సకు తిరిగే కుటుంబాలకు ఇది చిన్న మొత్తం కాదు. ఆర్‌సీలో మార్పు ఎక్కకపోతే ఇది అడగడానికి ఆధారమే ఉండదు.

ఇన్సూరెన్సు కంపెనీకి మార్పు గురించి రాసి ఇవ్వండి, ఫోనులో చెప్పడం లెక్కలోకి రాదు. పాత మోటారు టారిఫ్‌లో ఐఎంటీ 12 అనే ఎండార్స్‌మెంటు (పాలసీకి జత చేసే షరతు) ఉంది. దివ్యాంగుల కోసం మార్చి, ఆర్‌సీలో నమోదైన బండికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండికే జరిగే నష్టానికి కట్టేది) సగం తగ్గింపు దాని కింద వస్తుంది. ఏజెంటు తనంతట తాను చెప్పడు. ఆ నంబరు పేరుతోనే అడగండి.

మనిషి ఎక్కకముందు పరీక్ష

ముందు బస్తాలతో. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు కుర్చీలో వేసి కట్టి, ర్యాంపు ఎక్కించి, నాలుగు బెల్టులు బిగించండి. ఖాళీ రోడ్డు చూసుకుని గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, తర్వాత 30లో గట్టిగా బ్రేకు వేయండి. ఫ్లోరు మీద సుద్దముక్కతో చక్రాల గుర్తు ముందే గీసుకోండి. రెండు సెంటీమీటర్లకు మించి జరిగితే బెల్టు కోణమో, బిగువో తేడా ఉన్నట్టు. ఇంటికొచ్చాక బండి కింద పలకలు వంగాయేమో, బోల్టులు వదులయ్యాయేమో చూడండి. అంతా సరిగ్గా ఉంటేనే మనిషి, అదీ మొదటిసారి మీ వీధి చుట్టూ.

ఎండ సంగతి

మే నెల విజయవాడ గురించి చెప్పేదేముంది. వెన్నుపాము దెబ్బతిన్న చాలామందికి దెబ్బ కింది భాగంలో స్పర్శ ఉండదు, చెమట కూడా పట్టదు. ఎండలో నిలిపిన బండిలో కాలిన బెల్టు బకిల్ తొడకు ఆనినా వాళ్లకు తెలియదు, బొబ్బ వచ్చాక చూస్తారు. బకిళ్ల మీద గుడ్డ తొడుగు వేయండి, ఎక్కించే ముందు ఏసీ వేసి బండి చల్లబరచండి, ర్యాంపును చేత్తో తాకి చూడండి. ముందున్న ఏసీ గాలి వెనకాలి కుర్చీ దాకా రాకపోతే చిన్న ఫ్యాను కావాలి. దూరం వెళ్లేటప్పుడు దారిలో ఆపి, కుర్చీలోనే ఒకసారి ముందుకు వంచి బరువు మార్చి మళ్లీ కూర్చోబెట్టండి, పుండ్లు పడకుండా.

డ్రైవరుకు అందేచోట బెల్టు కోసే కత్తెర, చిన్న అగ్నిమాపక సిలిండరు ఉంచండి. వెనక నుంచి ఏదైనా గుద్దితే ర్యాంపు తలుపు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు మనిషిని కుర్చీ వదిలి పక్క తలుపు నుంచి తీయాలి. ఆ పని ఇంట్లో ఇద్దరికి వచ్చి ఉండాలి, ఒక ఆదివారం ఇంటి ముందే చేసి చూడండి.

నెలకోసారి బెల్టుల అంచులు పీచు లేచాయేమో, బోల్టులు బిగువుగా ఉన్నాయేమో చూసుకుంటే చాలు. ఒక్కసారి యాక్సిడెంట్‌లో లాగుడు తిన్న బెల్టు మాత్రం పైకి ఎంత బాగా కనిపించినా తీసి పారేసి, కొత్త సెట్టు వేయించాలి.